ఆ నలభై తొమ్మిది మంది

మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి రెండు మూడేళ్ళకొకసారి ఒక జపాన్ రైలు వచ్చి ఆగుతుంది. మారుమూల స్టేషను, మోకాలిలోతు మంచు, ప్లాట్‌ఫారం మీద ఒకే ఒక్క బడిపిల్ల. ఆ అమ్మాయి హైస్కూలు చదువు పూర్తయ్యేదాకా ఆమె ఒక్కదాని కోసం రైల్వేవారు స్టేషను మూయకుండా నడిపారని కథ. కింద దండాల బొమ్మలు, వాటి కింద మన రైల్వేకు నాలుగు చీవాట్లు. మొన్న మళ్ళీ వచ్చింది. ఈసారి పంపినవాడు మా బావ. "నువ్వు అక్కడ ఆరేళ్ళు ఉన్నావు కదా, ఆ స్టేషను చూశావా?" అని కూడా అడిగాడు.

"లేదు బావా, చూద్దామన్నా ఇప్పుడది లేదు" అని రాసి ఊరుకున్నాను. గ్రూపులో పెద్దవాళ్ళున్నారు, పండగ రోజులు, ఎందుకులే అనుకున్నాను. కానీ కడుపులో ఉన్నది కక్కకపోతే నాకు నిద్ర పట్టదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ కథ సంగతి తేల్చేద్దాం. అది 2016 జనవరిలో ప్రపంచమంతా తిరిగింది. హొక్కైదో ద్వీపంలో సెకిహొకు లైను మీద కమి-షిరతకి అనే స్టేషను పేరుతో తిరిగింది. నిజానికి ఆ అమ్మాయి ఎక్కేది అదే లైనులో దగ్గరలో ఉన్న క్యూ-షిరతకిలో. అదే రైల్లో ఆమెతోపాటు చదువుకునే పిల్లలు ఇంకా ఉండేవారు. ఎక్కేవాళ్ళు లేరని 2016 మార్చిలో కొత్త టైంటేబులు వచ్చిన రోజున అక్కడ ఒకటి కాదు, మూడు స్టేషన్లు ఒకేసారి మూశారు. జపాన్‌లో చదువుల ఏడాది ముగిసేదీ మార్చిలోనే, టైంటేబులు మారేదీ మార్చిలోనే. రెండూ కలిసొచ్చాయి, కథ పుట్టింది.

అబద్ధమని నాకు కోపం లేదు. వాట్సాప్‌లో అంతకన్నా పెద్ద అబద్ధాలు రోజూ వస్తాయి. ఆ కథ పల్లె రైలును ధర్మసత్రంగా మార్చేస్తుంది, నా బాధ అది. జాలి గలవాళ్ళు నడిపారు, మనకు జాలి లేదు కనుక నడపం, అక్కడితో సరి. డబ్బు ఎవరిది, పట్టాలు ఎవరివి, ఆ లైను అసలు ఎందుకు వేశారు, ఈ ప్రశ్నలేవీ దండాల బొమ్మల కింద కనిపించవు. వాటికి జవాబులు కావాలంటే హొక్కైదో వదిలి దక్షిణానికి, ఫుకుషిమా కొండల్లోకి రావాలి. అక్కడ తదామి లైను ఉంది.

ఫుకుషిమా అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది 2011 మార్చి సునామీ, అణు విద్యుత్ కేంద్రం. అది సముద్రపు ఒడ్డున. అదే జిల్లాకు పడమటి కొసన ఐజు అనే కొండ ప్రాంతం ఉంది. (వాళ్ళు 'కెన్' అనేదాన్ని నేను జిల్లా అంటున్నాను. దానికి సొంత గవర్నరు, సొంత శాసనసభ ఉంటాయి కనుక మన జిల్లాకన్నా బాగా పెద్ద అధికారమే.) ఐజు-వకమత్సు పట్టణంలో బయలుదేరి తదామి నది వెంట కొండలెక్కి, అవతలి నీగతా జిల్లాలో కొయిదే దగ్గర దిగే 135.2 కిలోమీటర్ల ఒంటి పట్టాల లైను ఇది. కరెంటు తీగల్లేవు, డీజిల్ పెట్టెలే. ఒక పెట్టె, మహా అయితే రెండు. ఈ కొసనుంచి ఆ కొసకు నేరుగా పోయే రైళ్ళు రోజుకు మూడు. తెల్లవారాక ఆరింటికి ఒకటి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకటి, సాయంత్రం అయిదింటికి ఒకటి. ప్రయాణం నాలుగున్నర గంటలు. గంటకు ముప్పై కిలోమీటర్లు. బుల్లెట్ రైళ్ళ దేశం కదా అని వెళ్ళినవాడికి చిన్న షాకు.

మంచు, పొగమంచు, ఆకుపచ్చ నీళ్ళు, ఆ నీళ్ళమీద ఉక్కు కమాను వంతెన. ఫోటోలలో ఈ లైనును చూడనివాళ్ళు తక్కువ. ఆ అందం గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది ఒక అంకె గురించి.

నలభై తొమ్మిది.

2010లో ఈ లైనులో ఐజు-కవగుచి, తదామి స్టేషన్ల మధ్యనున్న 27.6 కిలోమీటర్ల ముక్కలో రోజువారీ ప్రయాణికుల సాంద్రత అది. జపాన్‌లో పల్లె రైళ్ళ తలరాతను ఈ అంకెతోనే రాస్తారు కనుక అదెలా వస్తుందో చెప్పాలి. ఏడాదిలో ప్రయాణికులందరూ తిరిగిన కిలోమీటర్లు కూడి, లైను పొడవుతోనూ రోజులతోనూ భాగిస్తారు. సులువుగా చెప్పాలంటే, పట్టాల పక్కన ఏదో ఒక గట్టుమీద పొద్దుట్నించి రాత్రిదాకా కూర్చుని, రెండు వైపులా పోయే రైళ్ళలోని తలలు లెక్కబెడితే సగటున తేలే సంఖ్య. వెళ్ళేవి మూడు, వచ్చేవి మూడు. ఆరుకు పంచితే రైలుకు ఎనిమిది మంది.

ఈ సంగతి మా మావయ్యకు ఫోనులో చెప్పాను. ఆయన కొత్తవలస–కిరండూల్ లైను మీద గ్యాంగ్‌మన్‌గా చేరి ఉద్యోగమంతా అక్కడే చేశారు. మాది శృంగవరపుకోట. నా చిన్నతనమంతా కిరండూల్ పాసింజరు కూతతోనే తెల్లారేది. "రోజంతటికీ నలభై తొమ్మిదా? మా బండిలో పాయిఖానా పక్కన నిలబడేవాళ్ళే అంతమంది ఉండేవారురా" అని నవ్వారు. కాసేపాగి రైల్వే మనిషి అడగవలసిన ప్రశ్న అడిగారు. "మరి గూడ్సు లేదా?"

నేను మూడు నెలలు చదివినా తట్టని ప్రశ్న ఆయనకు మూడు నిమిషాల్లో తట్టింది. లేదు మావయ్యా. ఇప్పుడు గూడ్సు లేదు. కానీ ఆ 27.6 కిలోమీటర్లూ వేసిందే గూడ్సు కోసం.

యుద్ధం తరవాత జపాన్‌కు కరెంటు కావలసివచ్చింది. తదామి నదిలో ఏటవాలు ఉంది, కొండలమీద మంచు ఉంది. 1952లో ప్రభుత్వం విద్యుత్తు కోసం ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టి, ఈ నదిమీద పెద్ద పెద్ద ఆనకట్టలు కట్టించింది. వాటిలో తగొకుర ఒకటి. 145 మీటర్ల ఎత్తు కాంక్రీటు గోడ. అక్కడికి సిమెంటు చేరాలి. అప్పటికి రైలు ఐజు-కవగుచి వరకే ఉంది. అక్కడినుంచి పైకి ఆ విద్యుత్ సంస్థే 1957లో తన సొంత లైను వేసుకుంది. ఆనకట్ట పని ముగిసింది, తగొకుర ఊరు నీళ్ళలో మునిగింది, సిమెంటు బళ్ళ అవసరం తీరింది. తదామి వరకున్న పట్టాలు 1963లో జాతీయ రైల్వేకు వచ్చాయి. మనుషులు ఎక్కడం మొదలైంది అప్పుడు. అవతల నీగతా వైపునుంచి వస్తున్న ముక్కతో కలపడానికి 6,359 మీటర్ల సొరంగం తవ్వి, 1971 ఆగస్టులో లైను మొత్తం తెరిచారు.

కిరండూల్ లైను కూడా మనుషుల కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి వేశారు. ఆ ఖనిజం ఎక్కడికి? జపాన్ ఉక్కు కర్మాగారాలకు. 1960లో జపాన్‌తో కుదిరిన ఒప్పందమే ఆ లైనుకు మూలం. అంటే తదామి దగ్గర ఆనకట్టల కరెంటుతో పైకి లేస్తున్న దేశమే ఇటు అనంతగిరి కొండల్లో సొరంగాలు తవ్వడానికి కారణమైంది. మా మావయ్య రాళ్ళు సర్దిన పట్టాలకూ ఈ పట్టాలకూ అంత దూరపు చుట్టరికం. అరకు చూడటానికి అద్దాల పెట్టె ఎక్కేవాళ్ళూ, తదామి వంతెన చూడటానికి వచ్చేవాళ్ళూ ఇద్దరూ మూటలు మోయడానికి వేసిన దారిమీద షికారుకు వచ్చినవాళ్ళే.

తేడా ఒక్కటే. మా దగ్గర ఖనిజం ఇంకా దిగుతూనే ఉంది. అందుకే కిరండూల్ పాసింజరులో ఎంతమంది ఎక్కారని, ఈ లైను ఉంచాలా తీసెయ్యాలా అని ఎవరూ అడగరు. తదామిలో సిమెంటు అయిపోయింది. మిగిలింది మనుషులు. మనుషుల కోసం వేయని లైనును ఇప్పుడు మనుషులను లెక్కబెట్టి బోనులో నిలబెట్టారు. ఆనకట్టలు ఆ నాడు పడిన రైలు ఖర్చును ఇప్పటికీ కరెంటు రూపంలో తిరిగి ఇస్తూనే ఉన్నాయి. ఆ రాబడి వేరే ఖాతాలో పడుతుంది. లైను నష్టాలదంటే నేను కాదనను. ఏ పుస్తకంలో చూసి నష్టమంటున్నారన్నదే నా పేచీ.

ఈ లైను ఒకసారి చావు తప్పించుకుంది కూడా. 1980లో జాతీయ రైల్వే అప్పులు భరించలేక ప్రభుత్వం ఒక చట్టం చేసింది. రోజువారీ సాంద్రత 4,000 దాటని లైన్లను వదిలించుకోవాలని. అలా 83 లైన్లు, 3,100 కిలోమీటర్లకు పైగా, బస్సులకో చిన్న స్థానిక సంస్థలకో పోయాయి. తదామి లైనుకు ఆ 4,000 ఏనాడూ కలలో కూడా లేదు. అయినా మిగిలింది. కారణం మంచు. లైను పక్కనుంచి కొండ దాటే 252వ నంబరు జాతీయ రహదారి చలికాలమంతా మూసి ఉంటుంది. రోడ్డు లేనిచోట రైలు తీయకూడదని చట్టంలో ఒక మినహాయింపు ఉంది. ఇందులో ఒక చమత్కారం చెప్పకపోతే నాకే తప్పు. మంచు గట్టిగా పడిన ఏడు ఆ కొండభాగంలో రైలూ రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి ఆగిపోతుంది. మంచులో రోడ్డు పోయినా రైలు ఉంటుందన్నది కాగితం మీద ఉన్నంత గట్టిగా కొండమీద ఉండదు.

ఇక 2011 జులై. సునామీ వచ్చి అయిదు నెలలు కాలేదు. నీగతా, ఫుకుషిమా సరిహద్దులో రోజుల తరబడి కుండపోత. తదామి నది మీద అయిదో వంతెన, ఆరో వంతెన, ఏడో వంతెన దూలాలు కొట్టుకుపోయాయి. (వంతెనలకు పేర్లు పెట్టే ఓపిక లేక అంకెలు వేశారు. నాకు అది నచ్చింది.) కవగుచి, తదామి మధ్య రైలు ఆగింది. అంటే సరిగ్గా ఆ నలభై తొమ్మిది మంది ముక్కే. బస్సులు పెట్టారు. ఆ బస్సులు పదకొండేళ్ళు తిరిగాయి.

లైను నడిపేది జేఆర్ ఈస్ట్. జాతీయ రైల్వేను 1987లో ముక్కలు చేసినప్పుడు పుట్టిన వాటిలో అతి పెద్ద కంపెనీ, టోక్యో జనసముద్రంలో చాలా భాగం దాని బళ్ళలోనే తిరుగుతుంది. వంతెనలు మళ్ళీ కట్టడంకన్నా బస్సే మేలని కంపెనీ వాదన. బస్సయితే ఎక్కువ సార్లు తిప్పవచ్చు, ఇళ్ళ దగ్గర ఆపవచ్చు. అందులో అబద్ధం లేదు. జిల్లా ప్రభుత్వమూ, నది వెంట ఊళ్ళూ ఒప్పుకోలేదు. 2017లో ఒప్పందం కుదిరింది. దాన్ని అక్కడ 'జోగె బున్రి' అంటారు, పైనున్నదాన్నీ కిందున్నదాన్నీ వేరుచేయడమని. కిందున్న పట్టాలు, వంతెనలు, నేల ఆ ముక్కలో ఇక జిల్లా ప్రభుత్వానివి. పైన తిరిగే రైలు కంపెనీది. కంపెనీకి నష్టం రాకుండా పట్టాల అద్దె తగ్గిస్తారు. మరమ్మతులకు సుమారు 900 కోట్ల యెన్‌లు, అప్పటి లెక్కలో 500 కోట్ల రూపాయలు అయింది. మూడో వంతు కంపెనీ పెట్టింది, మిగతాది ప్రజల సొమ్ము. తరవాత ఏటా పట్టాల పోషణకు మొదటి అంచనాలోనే 21 కోట్ల యెన్‌లు జిల్లా, ఐజులోని 17 ఊళ్ళు కలిసి మోయాలి. 2022 అక్టోబరు 1న రైలు మళ్ళీ కదిలింది.

ఇక్కడే మా ఆఫీసులో ఒక పెద్దమనిషితో నాకు తగువు పడింది. ఆయనది ఐజు పక్క ఊరే. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. మాటలో మెత్తదనం, లెక్కలో కత్తి. "మా అమ్మ ఆ రైలు ఎక్కి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. లైను తీసెయ్యొద్దని సంతకాలు పెట్టించడానికి మాత్రం ఇంటింటికీ తిరిగింది" అన్నారు. "ఆ ఊళ్ళలో సగానికి పైగా అరవై అయిదు దాటినవాళ్ళే. వాళ్ళకు కావలసింది డాక్టరు దగ్గరకు పట్టుకెళ్ళే కారు. మీరు శనివారం వచ్చి ఫోటో తీసుకుని పోతారు. బిల్లు మాకు వస్తుంది."

నేను చెప్పదలచుకున్నది అప్పుడు సరిగ్గా రాలేదు. జపనీసులో వాదించేటప్పుడు నా తెలివి సగమే ఉంటుంది. ఇప్పుడు చెబుతాను.

మొదటిది, ఆ కంపెనీ కూడా ఖాళీ చేతులతో పుట్టినది కాదు. 1987లో జాతీయ రైల్వే అప్పు 37.1 లక్షల కోట్ల యెన్‌లు. అందులో 25.5 లక్షల కోట్లు కొత్త కంపెనీల మెడకు కట్టకుండా పక్కన పెట్టారు. చివరికి అది దేశ ఖజానా మీద పడింది. ఆ అప్పు తీర్చడానికి 1998 నుంచి జపాన్‌లో సిగరెట్ల మీద ఒక ప్రత్యేక పన్ను ఉంది. తదామిలో పొగతాగే ముసలాయన ప్రతి పెట్టెతోనూ కొంత రైల్వే బాకీ తీరుస్తున్నాడు. టోక్యోలో లాభాలొచ్చే లైన్లూ, కొండల్లో నష్టాలొచ్చే లైన్లూ కలిపి ఒక మూటగా ఆ కంపెనీ చేతికి ఇచ్చారు. తీపి తినేటప్పుడు ఒక కుటుంబం, చేదు వచ్చేసరికి ఒక్కో లైనుకూ వేరు కుంపటా? 2020లో కరోనా వచ్చి కంపెనీ పుట్టాక మొదటిసారి నష్టం చూసింది. 2022 జులైలో, తదామి లైను తెరవడానికి రెండు నెలల ముందు, సాంద్రత 2,000 లోపున్న లైన్ల నష్టాలన్నీ ముక్కముక్కగా బయటపెట్టింది. టోక్యో పొరుగున చిబాలోని కురురి లైను చివరి ముక్కలో 100 యెన్‌లు సంపాదించడానికి 15,000 యెన్‌లకు పైగా ఖర్చవుతోందని లోకానికి తెలిసింది. రెండేళ్ళకు ఆ ముక్కను బస్సుకు మారుస్తామని ప్రకటించారు. పడమట హిరోషిమా కొండల్లో గెయిబి లైనులో ఒక ముక్కకు ఆ అంకె 25,000. ఇలాంటి లైన్లమీద మాట్లాడటానికి 2023లో చట్టాన్నే సవరించారు. అంకెలు దాచాలని నేననను. ఆ పత్రంలో లైనులో ఎక్కిన తల ఉంటుంది. లైను వల్ల కదిలిన మిగతాది ఉండదు.

మిగతాది అంటే? నేను కళ్ళారా చూసినది చెబుతాను. మిషిమా అనే ఊరి దగ్గర తదామి నది మీది ఒకటో వంతెనను చూడటానికి కొండమీద చూపుతావులు కట్టారు. కింద రోడ్డుపక్కన బస్సులు, కార్లు ఆపుకునే చోటు, అంగళ్ళు, తిండి. రైలు వచ్చే వేళకు ఆ మెట్లన్నీ నిండిపోతాయి. తైవాన్ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ, ఆగ్నేయాసియా వాళ్ళు కొందరు. రైలు వంతెన మీదకు రాగానే ఒక్క నిమిషం ఎవరూ ఊపిరి తీయరు. పోయాక అందరూ కార్లెక్కి పోతారు. ఎందుకంటే వంతెన మీద ఉన్నవాడికి వంతెన కనిపించదు. రైలును చూడటానికి వచ్చినవాడు రైలెక్కడు. ఆ మెట్లమీద నేను నిలబడిన పూట నూటయాభై మంది ఉంటారు. సాంద్రత లెక్కలో వాళ్ళు సున్నా. వాళ్ళు తిన్న నూడుల్సు, పడుకున్న గదులు, వేడినీటి ఊటల స్నానాలు, ఇవన్నీ రైల్వే పుస్తకంలో సున్నా. జిల్లా ప్రభుత్వం పుస్తకంలో మాత్రం సున్నా కాదు. పట్టాలు తన చేతిలోకి తీసుకోవడానికి అది ముందుకొచ్చిందంటే జాలి ఒక్కటే కాదు, ఆ పుస్తకం వేరు.

రెండోది బస్సు. రైలు పోతే బస్సు వస్తుందనే మాట వినడానికి బాగుంటుంది. ఆ బస్సు ఎన్నాళ్ళుంటుంది? పట్టాలు పీకడానికి ఇన్ని సభలు జరగాలి, ఇన్ని పత్రికలు రాయాలి. బస్సు తగ్గించడానికి స్తంభం మీద కాగితం మారిస్తే చాలు. పైగా 2024 ఏప్రిల్ నుంచి జపాన్‌లో డ్రైవర్ల అదనపు గంటలకు హద్దు పెట్టారు. మంచిదే. దాంతో పట్టణాల్లోనే బస్సు నడిపేవాళ్ళు దొరకడం లేదు. మంచుకొండల్లో ఎక్కడ దొరుకుతారు?

ఇంతదాకా నేను గెలిచినట్టే ఉంది కదా. పెద్దమనిషి దగ్గర ఇంకో మాట ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు. "సరే, కట్టారు. మరి రోజుకు మూడేనా?"

ఇదే నాకు మింగుడుపడని సంగతి. 900 కోట్ల యెన్‌లు పోసి వంతెనలు నిలబెట్టి, వాటిమీద వరదకు ముందున్నట్టే మూడు రైళ్ళు తిప్పుతున్నారు. కవగుచిలో హైస్కూలు ఉంది, తదామిలో హైస్కూలు ఉంది. పొద్దున రైలు తప్పితే మళ్ళీ మధ్యాహ్నమే. ఆసుపత్రిలో పదింటికి చూపించుకుని పదకొండింటికి ఇంటికి పోదామనుకున్న ముసలావిడ ఏం చేయాలి? కారున్న కొడుక్కి ఫోను చేస్తుంది. కొడుకు వేరే ఊళ్ళో ఉంటే ఆసుపత్రికి వెళ్ళడమే మానేస్తుంది. రైలు తగ్గిస్తే మనుషులు కార్లు కొంటారు, కార్లు కొంటే రైల్లో తలలు తగ్గుతాయి, తలలు తగ్గాయని మళ్ళీ రైలు తగ్గిస్తారు. నలభై తొమ్మిది అనేది ఆ ఊళ్ళకు రైలు ఎంత అక్కర్లేదో చెప్పే అంకె అని అందరూ అంటున్నారు. ఆ టైంటేబులు చూస్తే, అన్ని తక్కువ రైళ్ళున్నా ఎంతమంది ఇంకా పట్టుకుని వేలాడుతున్నారో చెప్పే అంకెలా నాకు కనిపిస్తుంది. మూడును ఆరు చేసి పదేళ్ళు చూసి, అప్పటికీ నలభై తొమ్మిదే ఉంటే, పీకండి, నేను సంతకం పెడతాను. ఎవరూ ఆ పని చేసి చూడరు. వంతెన కడితే రిబ్బను కత్తిరించవచ్చు. పదకొండింటి రైలుకు రిబ్బను ఉండదు.

రైలు మళ్ళీ కదిలిన ఆ ఏడు అక్టోబరు చివర్లో ఒక శనివారం నేను మొత్తం లైను ప్రయాణించాను. పొద్దున్న బండి అందుకోలేకపోయాను. ఒంటిగంట బండి కోసం ఐజు-వకమత్సులో గంట ముందే వరసలో నిలబడ్డాను. రెండు పెట్టెలు. నిలబడే చోటు కూడా లేదు. యనైజు దాటాక కిటికీ పక్కన ఒక వీసమెత్తు చోటు దొరికింది. ఒకటో వంతెన మీద డ్రైవరు వేగం తగ్గించాడు. అందరూ ఫోన్లు ఎత్తారు. దూరంగా కొండమీద మెట్లనిండా మనుషులు, వాళ్ళూ ఫోన్లు ఎత్తే ఉన్నారు. మేము వాళ్ళను తీశాం, వాళ్ళు మమ్మల్ని తీశారు.

కవగుచి ప్లాట్‌ఫారం నదికి ఆనుకునే ఉంటుంది. అక్కడ బండి కొంతసేపు ఆగింది. అక్కడినుంచి మొదలయ్యేది జిల్లా ప్రభుత్వం వారి పట్టాలు. పట్టాలు మామూలుగానే ఉన్నాయి. నాకెందుకో కొత్త కొయ్యల వాసన వస్తుందనిపించింది, రాలేదు. హొన్నా ఆనకట్ట పక్కనే కొత్త ఆరో వంతెన. ఊళ్ళలో పొలాల్లో పనిచేసుకుంటున్నవాళ్ళు నడుము ఎత్తి చేతులూపారు. తదామి ఊరివారు రైలుకు అందరం చేతులూపుదామని ఏకంగా ఒక శాసనమే చేసుకున్నారు. ఊపకపోతే జరిమానా ఏమీ లేదు. మొదట నవ్వొచ్చింది. వరసగా నాలుగైదు చోట్ల ఊపాక నా చేయి దానంతటదే లేవడం మొదలుపెట్టింది.

లెక్కలమీద ఇంత గొడవపడిన వాణ్ణి, నేనూ లెక్కబెట్టాను. కవగుచి దాటాక మా పెట్టెలో నలభై ఒక్కరం. అందులో ముప్పై ఏడుగురి దగ్గర కెమెరాలో, వీపుసంచులో, చేతిలో లైను పటాలో ఉన్నాయి. నలుగురి దగ్గర అవేవీ లేవు. క్రీడల బట్టల్లో ఇద్దరు బడిపిల్లలు. పనిబట్టల్లోనే నిద్రపోతున్న ఒకాయన. ఒళ్ళో గుడ్డ మూట పెట్టుకుని, బయటకు ఒక్కసారి కూడా చూడకుండా కూర్చున్న ఒక ముసలావిడ.

తదామి దాటి సొరంగంలోకి వెళ్ళాం. బయటపడేసరికి చీకటి. కొయిదేలో దిగి, స్టేషను ముందు చలిలో నిలబడి మావయ్యకు ఫోను చేశాను. వంతెనల గురించి చెప్పాను, చేతులూపడం గురించి చెప్పాను, నలభై ఒక్కరిలో నలుగురి గురించి చెప్పాను. ఆయన అంతా విని అడిగారు.

"ఆ నలుగురూ ఎక్కడెక్కడ దిగారు?"

నిద్రపోతున్నాయన తదామిలో దిగడం చూశాను. మిగతా ముగ్గురి సీట్లు అప్పటికే ఖాళీగా ఉన్నాయి. వాళ్ళు దిగిన వేళకు నేను రెండో వైపు కిటికీ దగ్గర ఫోటోలు తీసుకుంటున్నాను.